కొత్త విండోస్‌కు పదును ఎప్పుడు?

దసరా సెలవులకు మా పాప అనంతపురం నుంచి ఇంటికొచ్చిన రోజే పంచాయితీ మొదలైంది. కారణం హాల్లో మూలనున్న మా పాత కంప్యూటర్. కొన్ని నెలలుగా అది తెరవగానే ఒక నోటీసు చూపిస్తా ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోతుందట. నేనేమో ఆ నోటీసును కరెంటు బిల్లులాగా "తర్వాత చూద్దాంలే" అని పక్కకు తోసేస్తూ వచ్చాను.

"అమ్మా, ఇంగ దీనికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. విండోస్ 11 వేయాల్సిందే. కానీ దీంట్లో 11 ఎక్కదు, కొత్తది కొనాలి" అంది పాప. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం కదా, ఇంట్లో అన్నిటికీ తనే ఇంజినీరు.

"బాగా పని చేస్తాండేదాన్ని ఎందుకు కదిలిచ్చేది?" అన్నారు మావారు. ఆయన ట్రాక్టరు గురించీ ఇదే అంటారు, పంటి నొప్పి గురించీ ఇదే అంటారు.

గుంతకల్లులో తెలిసిన అంగడిలో అడిగితే, పాతది ఇచ్చేసి కొత్తది తీసుకోమన్నారు. ఇలా ముగ్గురూ మూడు మాటలు అంటుండగా, అంతసేపూ చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్న మా అత్త తలెత్తి ఒకే ఒక్క మాట అడిగింది.

"దాంట్లో మీ మామ రాసినేటివి ఉండాయి గదా. అవి ఉంటాయా, పోతాయా?"

అందరం నోరు మూసుకున్నాం. ఎందుకంటే ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఒకసారి తప్పు జవాబు వచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే మా ఇంటి కంప్యూటర్ల చరిత్రంతా చెప్పాలి. చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి. విండోస్ గురించే అయినా మధ్యలో వేరుశనగ, ఉప్పుడబ్బాలు కూడా వస్తాయి.

మా ఊరు వజ్రకరూరు. పేరులోనే వజ్రం ఉంది కానీ చేతికి దొరికేది ఎర్రమట్టి, రాళ్లు, అప్పుడప్పుడు వాన. తొలకరి పడగానే ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి మా చుట్టుపక్కల చేలల్లో తలలు వంచుకుని రాళ్లు వెతుకుతుంటారు. ఊరివాళ్లు మాత్రం వజ్రం కంటే ముందు పదును చూసుకుంటారు. పదును అంటే తెలుసు కదా, వాన పడ్డాక విత్తనం మొలవడానికి సరిపడా భూమిలో ఉండే తడి. తొందరపడి మొదటి చినుకుకే విత్తితే, వాన వెనక్కి పోతే విత్తనం మట్టిలోనే మాడిపోతుంది. ఆలస్యం చేస్తే అదను దాటిపోయి కాయ నిండదు. మా కరువు నేలలో వ్యవసాయమంటే సగం ఈ లెక్కే.

కొత్త రకం విత్తనం వచ్చినా అంతే. అనంతపురం రైతులు దశాబ్దాల తరబడి టీఎంవీ-2 వేరుశనగనే వేశారు. అది తమిళనాడులోని తిండివనంలో 1940లో విడుదలైన రకం. తర్వాత మన కదిరి పరిశోధన కేంద్రం నుంచి కె-6 వచ్చింది, ఆ తర్వాత కదిరి లేపాక్షి అని పిలిచే కె-1812 వచ్చింది. మా మామ కె-6ను మొదటి ఏడాది చేను మూలన నాలుగు సాళ్లే వేశారట. మిగతా అంతా పాత రకమే. "కొత్తది మంచిదే కావచ్చు. మన చేను దానికి మంచిదో కాదో చూడాల గదా" అనేవారట. కంప్యూటర్ విషయంలోనూ మా ఇంట్లో ఈ లెక్కే పాటించి ఉంటే ఎంత బాగుండేదో!

అసలు మా ఇంటికి కంప్యూటర్ అన్న మాట వచ్చింది 1999లో. అప్పటికి నేనింకా ఈ ఇంటికి రాలేదు. మా బావ, అంటే మావారి అన్న, హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా పోయారు. వైటూకే రోజులవి. మీలో చాలామంది ఇళ్లల్లోంచి కూడా ఎవరో ఒకరు ఆ గాలికే విమానం ఎక్కి ఉంటారు. 1960లు, 70లలో ప్రోగ్రాములు రాసినవాళ్లు మెమరీ ఆదా చేయడానికి సంవత్సరాన్ని రెండే అంకెలతో రాశారు. 1975 అంటే 75. ఆ లెక్కన 2000 వస్తే 00 అవుతుంది, కంప్యూటర్ దాన్ని 1900 అనుకుంటుంది. వడ్డీ లెక్కలు, పింఛన్లు, బీమా, అన్నీ తారుమారు. ఆ మరమ్మతు పనికి మనుషులు చాలక, అమెరికా హెచ్-1బీ వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచింది. అలా పోయినవాళ్లలో మన తెలుగు పిల్లలు లెక్కలేనంతమంది.

మా మామ తెలుగు మాస్టారు. 2000లో రిటైరయ్యారు. బావ ఫోన్లో ఈ వైటూకే సంగతి వివరిస్తే ఆయన అడిగిన ప్రశ్న మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ముప్పై ఏండ్ల ముందరే తెలిసిన తప్పును ఇన్నాళ్లు ఎందుకు పెట్టుకున్నారు నాయనా?" బావ చెప్పిన జవాబు, "నడుస్తా ఉంది గదా నాయనా, అందుకే ఎవరూ కదిలించలేదు." ఆ ప్రోగ్రాములు రాసినవాళ్లు అవి 2000 దాకా బతుకుతాయని అనుకోనే లేదట. మావారి "బాగా పని చేస్తాండేదాన్ని ఎందుకు కదిలిచ్చేది" అన్న మాట వింటే నాకు ఇదే గుర్తొస్తుంది. కదిలించకపోవడం కూడా ఒక నిర్ణయమే. దానికీ ఖర్చుంటుంది, కాకపోతే బిల్లు ఆలస్యంగా వస్తుంది.

2003లో బావ సెలవుకొచ్చినప్పుడు మామకు ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనిపెట్టారు. అందులో విండోస్ 98. మామ అరవై ఏళ్ల వయసులో గుంతకల్లులో పెళ్లిపత్రికలు వేసే డీటీపీ అంగడికి పోయి కూర్చుని తెలుగు టైపింగ్ నేర్చుకున్నారు. పేజ్‌మేకర్‌లో తెలుగు ఫాంటు పెట్టుకుని రోజూ పొద్దున ఒక గంట రాసేవారు. ఏం రాసేవారంటే, ఊరి సంగతులు. ఏ సంవత్సరం ఎన్ని వానలు పడ్డాయి, ఏ బావి ఎప్పుడు ఎండింది, కరువు పనులకు ఎవరెవరు పోయారు, గంజి కేంద్రాల ముందు వరసలు ఎట్ల ఉండేవి, వాళ్ల జేజి చెప్పిన ధాత కరువు కథలు, ఎవరి చేన్లో రాయి దొరికింది, దొరికినాక వాళ్లింట్లో ఏమేం గొడవలయ్యాయి. పుస్తకం వేయాలని కాదు. "మతికి ఉన్నప్పుడే రాసిపెడతాండా" అనేవారు.

ఇక్కడ ఒక సాంకేతిక సంగతి చెప్పాలి. భయపడకండి, వంటింటి భాషలోనే చెబుతాను.

మన వంటింట్లో బోర్నవీటా డబ్బాలో కందిపప్పు ఉంటుంది, హార్లిక్స్ సీసాలో ఉప్పు ఉంటుంది. మనకు తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. మనం ఊరెళ్లినప్పుడు ఇంకెవరైనా వంట చేయబోతే మాత్రం బోర్నవీటా అనుకుని పాలల్లో కందిపప్పు వేస్తారు. అప్పట్లో డీటీపీకి వాడిన అను లాంటి తెలుగు ఫాంట్లు సరిగ్గా ఇలాగే పనిచేసేవి. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ ఉన్న గదుల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు పెట్టేవారు. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, వత్తు ఇంకో గదిలో. ఫైలులో నిజంగా ఉండేది ఇంగ్లీషు గుర్తులే. ఆ ఫాంటు ఉన్నంతసేపూ తెరమీద చక్కటి తెలుగు కనిపిస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. అంటే ఫాంటు ఆ ఇంటి ఇల్లాలన్నమాట. ఏ డబ్బాలో ఏముందో ఆమెకే తెలుసు. ఫాంటులన్నిటికీ ఒకే పద్ధతి కూడా లేదు, ఒక్కో ఇంట్లో ఒక్కో సర్దుడు.

యూనికోడ్ అనేది దీనికి విరుగుడు. డబ్బాల మీద సరైన పేర్లు రాయడమే అది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు 128 గదులు కేటాయించారు. అందులో 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లో తెరిచినా 3093 అంటే 'క'నే. ఫాంటు మారితే అక్షరం వంపు మారుతుంది కానీ అక్షరం మారదు. అయితే గదులు ఉంటే చాలదు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు వాటిని కలిపి గుణింతాలు, వత్తులు సరిగ్గా గీయడం రావాలి. విండోస్ 98కు తెలుగులో ఆ పని రాదు. 2001 అక్టోబరు 25న వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి వచ్చింది. గౌతమి అనే ఫాంటు దాంతోపాటే ఇచ్చారు.

నేను పెళ్లయి ఈ ఇంటికి వచ్చింది 2005లో. మరుసటి ఏడాది జూలై 11తో విండోస్ 98కు మద్దతు ఆగిపోయింది. మావారు కంప్యూటర్‌లో ఇంకొంచెం మెమరీ వేయించి ఎక్స్‌పీ పెట్టించారు. మామకు ఇష్టం లేదు. తన ఫాంటు, తన పేజ్‌మేకర్ అందులో నడుస్తాయని కళ్లారా చూసేదాకా పాతదాన్ని తీయనివ్వలేదు. రెండు రోజులు ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టుకుని ఒక్కో ఫైలూ తెరిపించి చూశారు. అప్పుడు నాకు చాదస్తం అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే, మా ఇంట్లో ఇప్పటిదాకా జరిగిన మార్పుల్లో సరిగ్గా జరిగింది అదొక్కటే.

ఎక్స్‌పీలో తెలుగు వచ్చినా దానంతటది కనిపించేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల సెట్టింగులకు పోయి, సంక్లిష్ట లిపుల కోసం ఉన్న చోట టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ పెట్టి, మళ్లీ రీస్టార్ట్ చేయాలి. ఆ టిక్కు పెట్టుకున్న రోజు గుర్తుందా మీకు? నాకు బాగా గుర్తు. అంతవరకూ చదరపు గడుల్లా కనిపించిన పేజీల్లో ఒక్కసారిగా తెలుగు పలికింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా అప్పుడే చూశాను. ఆ ఏడాదే వచ్చిన వీవెన్ గారి లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది. పాప కడుపులో ఉండగా, మధ్యాహ్నాలు అందులోనే నా మొదటి రాతలు రాసుకున్నాను. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు వజ్రకరూరులో ఇంట్లో కూర్చున్న నాకు సొంత భాషలో రాసుకునే వీలిచ్చింది. అందుకే అప్‌గ్రేడ్ అంటే వట్టి కంపెనీల వ్యాపారం అని ఎవరైనా అంటే నేను పూర్తిగా ఒప్పుకోను.

మామకు కూడా లేఖిని చూపించాను. కాసేపు కొట్టి చూసి, "నాకు చేతివేళ్లకు పాతదే అలవాటయిపోయింది పాపా" అన్నారు. నేను బలవంతం చేయలేదు. అదే నా మొదటి తప్పు.

2007లో విస్టా వచ్చింది. అది మా కంప్యూటర్‌కు మోయలేని బరువని చెబితే వదిలేశాం. 2009లో విండోస్ 7 వచ్చింది. అదీ వదిలేశాం. 2012లో మామ పోయారు. ఆయన పోయాక ఆ కంప్యూటర్ దగ్గర పొద్దుటి గంట ఎవరూ కూర్చోలేదు.

2014 మొదట్లో రెండు వార్తలు వచ్చాయి. ఫిబ్రవరి 4న సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. వాళ్ల పూర్వీకుల ఊరు మా జిల్లాలోనే, ఎల్లనూరు మండలం బుక్కాపురం. ఆయన నాన్నగారు యుగంధర్ గారు పేరున్న ఐఏఎస్ అధికారి. జిల్లా అంతా మనవాడే అని మురిసిపోయింది. రెండు నెలలకు, ఏప్రిల్ 8న, ఎక్స్‌పీకి మద్దతు ముగిసింది. "మనోడు రాగానే మన కంప్యూటర్‌నే ముసలిది చేసేశాడే" అని మావారు జోకేశారు. నిజానికి ఆ గడువు ఎప్పుడో నిర్ణయమైపోయింది, ఆయన రాకతో సంబంధం లేదు.

ఆ హడావుడిలో మేం విండోస్ 7 ఉన్న కొత్త కంప్యూటర్ కొన్నాం. పాతది ఇచ్చేస్తే కొంత తగ్గిస్తామన్నారు. ఇచ్చేశాం. ఇచ్చేముందు ఫొటోలన్నీ కాపీ చేసుకున్నాం. పాప పుట్టినరోజులు, బావ వాళ్ల అమెరికా ఫొటోలు, పెళ్లి వీడియో, అన్నీ జాగ్రత్తగా. మామ ఫైళ్లు వేరే డ్రైవ్‌లో ఉన్నాయన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మూడు నెలల తర్వాత ఆయన తిథికి అత్త అడిగింది, "ఆ గంజి కేంద్రం గురించి రాసింది ఒకసారి చదువు పాపా" అని. అప్పుడు వెతికాం.

మావారు గుంతకల్లుకు పరుగెత్తారు. ఆ కంప్యూటర్ ఎప్పుడో విప్పేసి అమ్మేశారు. వాళ్లను అనడానికి ఏమీ లేదు, మేం చెప్పలేదు, వాళ్లకెలా తెలుస్తుంది? చివరికి బీరువాలో, ఆయన కళ్లజోడు పెట్టె కింద ఒక సీడీ దొరికింది. పైన ఆయన చేతిరాతతో "2008 వరకు" అని ఉంది. ఆయనకు ఉన్న ముందుచూపు మాకు లేకపోయింది. 2009 నుంచి పోయేదాకా రాసినవి మాత్రం పోయాయి. అత్త ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

దొరికిన సీడీ కూడా కొత్త కంప్యూటర్‌లో పెడితే పేజ్‌మేకర్ లేదు, ఫాంటు లేదు. ఇల్లాలు లేని వంటిల్లు. తెరిచినవన్నీ పిచ్చిగీతలే. ఎప్పుడో చూద్దాంలే అని సీడీని మళ్లీ కళ్లజోడు పెట్టె కిందే పెట్టేశాం.

2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చారు. గడువు ముగిసే ముందు, 2016లో వేసుకున్నాం. ఈసారి అన్నీ కాపీ చేసుకున్నాకే. అయినా ఒక చిన్న కంగారు పడ్డాను. నా పాత రాతలు తెరిస్తే అక్షరాల రూపం మారిపోయి, పేజీలు అటూ ఇటూ జరిగిపోయాయి. సంగతేమిటంటే, విండోస్ 10లో గౌతమి, వాణి ఫాంట్లను తప్పనిసరి జాబితా నుంచి తీసి, కావాలంటే సెట్టింగుల్లో అదనపు ఫీచర్ల దగ్గర తెలుగు ఫాంట్లు వేసుకోమన్నారు. మామూలుగా ఉండేది నిర్మల ఫాంటు. రూపం మారింది కానీ నా అక్షరం ఒక్కటీ చెడలేదు. యూనికోడ్ కదా! మామ రాతలకూ నా రాతలకూ ఉన్న తేడా ఆరోజు బాగా అర్థమైంది.

ఇక బయటి ప్రపంచం సంగతి. ఆలస్యం చేస్తే ఏమవుతుందో 2017 మే 12న అందరూ చూశారు. వాన్నాక్రై అనే వైరస్ ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగింది. ఇంగ్లండ్‌లో ఆసుపత్రుల పని ఆగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి మందు, అంటే అప్‌డేట్, మార్చి 14నే వచ్చేసింది. రెండు నెలలు వేసుకోనివాళ్లు, మద్దతు లేని పాత విండోస్‌లతో నడిపేవాళ్లు దెబ్బతిన్నారు. తొందరపడితే ఏమవుతుందో 2024 జూలై 19న చూశాం. ఒక భద్రతా సంస్థ పంపిన తప్పు అప్‌డేట్‌తో ఒకే రోజు సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర చూపించి ఆగిపోయాయి. విమానాలు నిలిచిపోయాయి, మన విమానాశ్రయాల్లో చేత్తో బోర్డింగ్ పాసులు రాసిచ్చారు. మొదటి చినుకుకే ఊరంతా ఒకేసారి విత్తినట్టు.

కాబట్టి రెండు వైపులా ప్రమాదమే. మరి పదును ఎప్పుడు? పాప, నేను, మావారు కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాం.

విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరు 5న. అంటే తొలకరి దాటి నాలుగేళ్లయింది, ముందు విత్తినవాళ్ల కష్టాలు చాలావరకు తీరాయి. కాబట్టి కొత్తదన్న భయం లేదు. కానీ దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో ఉండాలి. మాది 2014 నాటి నాలుగో తరం. దొడ్డిదారిన ఎక్కించవచ్చంటారు కానీ మేం వద్దనుకున్నాం. ఇక విండోస్ 10నే ఉంచుకోవాలంటే, ఇళ్లల్లో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారు. మన సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాతో కలిపి పెట్టుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్లు. మూడోది లినక్స్. ఉబుంటు 24.04కు 2029 దాకా మద్దతు ఉంది, డబ్బులు అక్కర్లేదు. మన తెలుగువాళ్లే స్వేచ్ఛ పేరుతో తెలుగులో కనిపించే లినక్స్ తయారుచేశారని పాప చెబితే సంతోషం వేసింది. లినక్స్‌లో పోతన, వేమన అని ఫాంట్లున్నాయి. దేశికాచార్యులు గారు చేసినవి.

మేం తీసుకున్న నిర్ణయం ఇది. ఈ ఏడాదికి అదనపు అప్‌డేట్లు పెట్టించాం. కొత్త కంప్యూటర్ వచ్చే వేసవిలో, వేరుశనగ డబ్బులు చేతికొచ్చాక కొంటాం. గడువు చివరివారం దాకా ఆగం. 2014లో ఆ హడావుడే మా కొంప ముంచింది. ఇక పాత కంప్యూటర్‌ను ఎవరికీ ఇవ్వం. లినక్స్ వేసి ఉంచుకుంటాం. అన్నిటికంటే ముఖ్యం, మామ సీడీలో ఉన్నదంతా యూనికోడ్‌లోకి మారి మూడు చోట్ల భద్రమయ్యేదాకా కొత్తది ఇంట్లో అడుగుపెట్టదు.

ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు అంతే. కంపెనీ గడువు పెడుతుంది. అది నిజమైన గడువే, దాన్ని దాటకూడదు. కానీ ఆ గడువులోపల మన పదును మనమే చూసుకోవాలి. పోగొట్టుకోలేనిది ఏదో ముందు రాసుకోవాలి. అది కొత్తదానిలో తెరుచుకుంటుందని కళ్లారా చూడాలి. అప్పుడు మార్చాలి. 2006లో ఆ కుర్రాణ్ని రెండు రోజులు కూర్చోబెట్టి మామ చేసింది అదే.

ఫైళ్ల పని ఇప్పుడు నడుస్తోంది. ఫాంటు ఏదో తెలిశాక పాత రాతను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. పాప ఒక సాయంత్రమంతా కూర్చుని పేజ్‌మేకర్ ఫైళ్లలోంచి ఆ పిచ్చిగీతల్ని బయటికి తీసింది. మార్చి చూస్తే ముప్పాతిక భాగం తెలుగు, పావు భాగం తప్పులు. వత్తులు ఎగిరిపోతాయి, ఒక గుణింతం ఇంకో అక్షరానికి అతుక్కుంటుంది. అవి చేత్తో దిద్దాలి. మధ్యాహ్నం పనులయ్యాక అత్తను పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదువుతున్నాను. నాకు అర్థం కాని చోట ఆమె చెబుతుంది.

మొన్న ఒక పేరు దగ్గర ఆగిపోయాం. ఎండిపోయిన బావి పేరు. తెరమీద ఉన్నదానికి అర్థం లేదు. నేను నాలుగు రకాలుగా చదివాను. అత్త కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి, "అది దాసరోళ్ల బావి పాపా. నేను పెండ్లయి వచ్చిన కొత్తల్లో అక్కడికే నీళ్లకు పోయేది. మీ మామ అక్కడే నన్ను మొదటిసారి పలకరించినాడు" అంది. పెళ్లయిన ఎన్ని రోజులకు అని అడిగితే నవ్వింది కానీ చెప్పలేదు. ఫైల్లో ఆ సంగతి లేదు. మామ బావి లోతు, ఎండిన సంవత్సరం మాత్రమే రాశారు. అత్త చెప్పిన ముక్కను కింద ఒక గీత గీసి నేను చేర్చాను.

ఇప్పటికి అరవై రెండు పేజీలు అయ్యాయి. హార్డ్ డిస్కులో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, బావకు ఈమెయిల్లో ఒకటి పంపాం. మూడు చోట్ల ఉంది, ఇక భయం లేదత్తా అని ధైర్యం చెప్పాను. ఆమె తల ఊపి చింతపండు తట్ట ముందుకు లాక్కుంది.

"మంచిదే. అయినా, రోంత కాగితం మీద గూడ పెట్టు పాపా" అంది.

రేపు గుంతకల్లు పోయి ప్రింటు తీయించుకొస్తాను. మీ ఇంట్లో కూడా బీరువాలో ఎక్కడో ఒక సీడీయో, పాత హార్డ్ డిస్కో ఉండే ఉంటుంది. కొత్త విండోస్ సంగతి తర్వాత, ముందు దాన్ని తీసి ఒకసారి తెరిచి చూడండి.